ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్డా, మామూలు పెట్రోలేనా? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికి రెండు మూడు సార్లు కారులో ఊరికి వెళ్లొచ్చే కుటుంబాల కోసం రాసిన పేజీ ఇది. లెక్కలన్నింటికీ పెట్రోలు లీటరు 103 రూపాయలు, ఇంటి కరెంటు పన్నుతో కలిపి యూనిట్ 6 రూపాయల 70 పైసలు అని పెట్టుకున్నాం. మీ బిల్లులో అంకె వేరైతే అది వేసుకుని లెక్క మళ్లీ కట్టండి. బ్యాటరీ సైజును కంపెనీలు కిలోవాట్ అవర్లలో చెబుతాయి. అది, కరెంటు బిల్లులోని యూనిట్, రెండూ ఒకటే. అందుకని కింద అంతా యూనిట్లు అనే రాశాం.

ఎలక్ట్రిక్ కారు కొంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

కొందరికి బాగా మిగులుతుంది, కొందరికి అసలు మిగలదు. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, పార్కింగ్ స్థలంలో మీ సొంత మీటరు కరెంటు దొరుకుతుందా, ఈ రెండే తేల్చేవి. ఏ కంపెనీ కారు అన్నది ఆ తర్వాతి సంగతి.

బెంగళూరు ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 10, 11 కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అంటే కిలోమీటరుకు సుమారు 9 రూపాయల 80 పైసలు. అదే సైజు స్ట్రాంగ్ హైబ్రిడ్ (మధ్యమధ్యలో ఇంజన్ ఆగి మోటారు మీదే నడిచే పెట్రోలు కారు) సిటీలో 20 దాకా ఇస్తుంది, కిలోమీటరుకు 5 రూపాయల 15 పైసలు. ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి 14 యూనిట్లు తాగుతుంది. ఛార్జింగ్‌లో వేడి రూపంలో పోయేది కూడా కలిపితే మీటరు మీద 16 యూనిట్లు తిరుగుతాయి. ఇంట్లో ఛార్జి చేస్తే కిలోమీటరుకు రూపాయి పది పైసలు. బయట ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్ 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది, ఆ ధరలో 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. 22 వేసుకున్నా కిలోమీటరుకు 3 రూపాయల పాతిక పైసలు దాటుతుంది.

ఇప్పుడు ధరలో తేడా. మీరు చూస్తున్న ఎలక్ట్రిక్ మోడల్ ఆన్‌రోడ్ ధర పెట్రోలు మోడల్ కంటే 3 లక్షలు ఎక్కువ అనుకుందాం. ఇంట్లో ఛార్జి చేసేవాళ్లకు కిలోమీటరుకు 8 రూపాయల 70 పైసలు మిగులుతుంది కాబట్టి 34,500 కిలోమీటర్ల దగ్గర ఆ 3 లక్షలు వెనక్కి వస్తాయి. ఏడాదికి 12,000 తిరిగితే మూడేళ్లలోపే. పూర్తిగా బయట ఛార్జర్ల మీదే ఆధారపడితే 46,000 దాకా తిరగాలి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉండి ఏడాదికి 5,000 కూడా తిరగని ఇంటికి, ఇంట్లో ఛార్జి చేసుకున్నా ఏడేళ్లు పడుతుంది. అలాంటివాళ్లు డబ్బు కోసం ఎలక్ట్రిక్ కొనొద్దు. నడపడం హాయిగా ఉందని, పొగ ఉండదని కొంటే అది వేరే లెక్క.

అదే 3 లక్షల తేడా హైబ్రిడ్‌కి ఉంటే? కిలోమీటరుకు మిగిలేది 4 రూపాయల 65 పైసలే కాబట్టి 64,500 కిలోమీటర్లు తిరిగితే గానీ గిట్టుబాటు కాదు.

లోన్ మీద కొంటే ఈ లెక్క మారదా?

మారుతుంది. ఆ అదనపు 3 లక్షలు కూడా లోన్‌లోనే కలిపి 9 శాతం వడ్డీకి 5 ఏళ్లు కట్టారనుకోండి. దాని వాటా ఈఎంఐ 6,230 రూపాయల దాకా వస్తుంది, మొత్తం కట్టేది 3 లక్షల 74 వేలు. అంటే గిట్టుబాటు 34,500 దగ్గర కాదు, 43,000 కిలోమీటర్ల దగ్గర. సేల్స్ కుర్రాళ్లు చూపించే పొదుపు చీటీలో ఈ వడ్డీ గడి ఉండదు, మీరే వేసుకోవాలి.

పన్ను మినహాయింపు వస్తుందని ఇంకా చెబుతుంటారు. ఆదాయపు పన్నులో 80ఈఈబీ సెక్షన్ కింద వడ్డీ మీద లక్షన్నర మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. కొత్త లోన్‌కి అది లేదు. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో కూడా సొంత కార్లు లేవు.

మరి ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఏంటి?

పన్నులోనే ఉంది. ఎలక్ట్రిక్ కార్లకు జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాక నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయింది. హైబ్రిడ్లుగా అమ్ముడయ్యే మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, హోండా సిటీ అన్నీ నాలుగు మీటర్లు దాటినవే కాబట్టి 40లోకే వస్తాయి. లీటరుకు 27 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ చెప్పే కారుకూ, పది ఇచ్చే పెద్ద పెట్రోలు కారుకూ ఒకే పన్ను. ఇది మాకు సబబుగా అనిపించదు, కానీ కొనేవాళ్లు కట్టాల్సింది అదే.

రోడ్ ట్యాక్స్ చూస్తే కర్ణాటకలో 10 నుంచి 20 లక్షల మధ్య పెట్రోలు, హైబ్రిడ్ కార్లకు జీవితకాలపు పన్ను 17 శాతం, 20 దాటితే 18, దాని మీద సెస్సు. ఎలక్ట్రిక్ కార్లకు 2016 నుంచి మినహాయింపు ఇచ్చారు. 2024 మార్చిలో 25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్ల మీద 10 శాతం పెట్టారు. ఇలాంటి మినహాయింపులు బడ్జెట్‌కీ బడ్జెట్‌కీ మారిపోతుంటాయి, కాబట్టి బుకింగ్ నాటి మాట నమ్ముకోకుండా రిజిస్ట్రేషన్ నాటి పన్ను ఎంతో కొటేషన్ మీద విడిగా రాయించుకోండి.

షోరూమ్‌లో ఒక్క ఛార్జికి 489 కిలోమీటర్లు అంటారు. నిజంగా ఎంత వస్తుంది?

ఆ అంకె ల్యాబులో రోలర్ల మీద నడిపి తేల్చే పరీక్షది. నెక్సాన్ 45 యూనిట్ల మోడల్‌కి పరీక్ష అంకె 489 అయితే, మామూలుగా వాడేవాళ్లకు వచ్చేది 350 నుంచి 370 అని టాటా సంస్థే చెబుతోంది. హైవే మీద 100 వేగంతో, నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుంటే 260, 270. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, పెట్రోలు కారుకి హైవే మీద మైలేజీ పెరుగుతుంది, ఎలక్ట్రిక్ కారుకి తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మోటారు ఏమీ తాగదు, బ్రేకు వేసినప్పుడు కొంత తిరిగి వస్తుంది. గాలిని చీల్చుకుంటూ వేగంగా పోతుంటే అలా తిరిగొచ్చేది ఏమీ ఉండదు. సిల్క్‌బోర్డు జంక్షన్‌లో గంట ఇరుక్కుంటే పెట్రోలు కారు ట్యాంకు తరుగుతుంది, ఎలక్ట్రిక్ కారుకి ఏసీ ఖర్చు ఒక యూనిట్ చుట్టూ.

మా స్లాట్ రెండో బేస్‌మెంట్‌లో ఉంది. మీటరు గది నుంచి 60 మీటర్లు. ఏ వైరు వేయించాలి?

ఎక్కువమందికి చేతి చమురు వదిలేది ఇక్కడే. కాబట్టి వివరంగా.

కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ 15 ఆంపియర్లు లాగుతుంది, అంటే 3.3 కిలోవాట్లు. గోడకు బిగించే పెద్ద ఛార్జర్ 32 ఆంపియర్లు, 7.2 కిలోవాట్లు. రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు చిన్నదే చాలు. రాత్రి పదింటికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే 25 యూనిట్ల పైనే ఎక్కుతుంది, మీకు కావాల్సింది 7, 8. పెద్ద ఛార్జర్ ఉచితంగా వస్తోందని అదే బిగించుకుంటే వైరు ఖర్చు, లోడు ఖర్చు తడిసి మోపెడవుతాయి.

వైరు మందం దూరాన్ని బట్టి. 60 మీటర్లంటే పోనూ రానూ 120 మీటర్ల రాగి. 15 ఆంపియర్లకు 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తే దారిలోనే 13 వోల్టులు పోతాయి. 4 స్క్వేర్ వేస్తే 8 వోల్టులు, ఇది ఫర్వాలేదు. 32 ఆంపియర్లకు 6 స్క్వేర్ వేస్తే 12 వోల్టులు పోతాయి, కాబట్టి ఇంత దూరానికి 10 స్క్వేర్ కావాలి. ఎలక్ట్రీషియన్ "6 చాలు సార్" అంటే అది 20, 30 మీటర్లకు చాలు. సాయంత్రం లోడు ఎక్కువగా ఉన్నప్పుడు మీటరు దగ్గరే వోల్టేజీ 210కి పడిపోయి ఉంటుంది. అందులోంచి ఇంకో 12 పోతే ఛార్జర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతూ రాత్రంతా అదే పని చేస్తుంది.

బోర్డులో 15 ఆంపియర్ల పాయింట్‌కి 20 ఆంపియర్ల సీ-కర్వ్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), 32కి 40 ఆంపియర్లది. దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) తప్పనిసరి, అది టైప్ ఏ అయి ఉండాలి. షాపులో అడక్కుండా ఇచ్చేది ఎక్కువగా టైప్ ఏసీ. ఛార్జర్ ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీని అది సరిగా పట్టుకోలేదు.

సాకెట్ విషయంలో కక్కుర్తి పడకండి. ఇంట్లో గీజరుకి వాడే ప్లాస్టిక్ పాయింటే ఇక్కడా బిగిస్తారు. గీజరు పావుగంట నడుస్తుంది. కారు ఎనిమిది గంటలు ఆపకుండా 15 ఆంపియర్లు లాగుతుంది. లోపల స్క్రూ కొంచెం వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి, మొదట పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది, తర్వాత ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఆ తర్వాత ప్లగ్ ఊడి రాదు. మెటల్ డబ్బాలో వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. మొదటి రోజు గంట ఛార్జింగ్ అయ్యాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత ఉంటే వెంటనే ఆపి స్క్రూలు బిగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు, 6 ఆంపియర్ల అడాప్టరు ఏ పరిస్థితిలోనూ వద్దు.

60 మీటర్ల పనికి 4 స్క్వేర్ కేబుల్, పైపు, బోర్డు, కూలీ అన్నీ కలిపి 20 నుంచి 30 వేలు పెట్టుకోండి. ఇంటి మంజూరు లోడు 3 కిలోవాట్లే ఉంటే బెస్కామ్‌లో పెంచుకోవాలి. కిలోవాట్‌కి ఇంత అని నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ పెరుగుతుంది.

ఛార్జింగ్ మధ్యలో ఎర్రలైటు వెలిగి ఆగిపోతోంది. కారు పాడైందా?

చాలా వరకు కారు కాదు, ఎర్తింగ్. మల్టీమీటరుతో సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. 3 వోల్టుల లోపు ఉంటే మంచిది, 5 దాటితే ఛార్జర్ మొండికేస్తుంది. మార్చి నుంచి మే వరకు ఈ ఫిర్యాదు ఎక్కువ, ఎందుకంటే ఎర్త్ పిట్‌లో మట్టి ఎండిపోతుంది. రెండు బకెట్ల నీళ్లు పోసి మర్నాడు చూడండి. అప్పటికీ మారకపోతే పిట్ కొత్తది తీయించాలి, నిరోధం 5 ఓమ్‌ల లోపు రావాలి. పాత బిల్డింగుల్లో ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉంటుంది, పిట్‌కి కలిపి ఉండదు. ఎర్త్ పరీక్షను తప్పించే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. అది ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, కొనకండి.

అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఇంటికి ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే యజమాని తన వాహనం ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే ఉంది. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు కూడా ఉన్నదాని మీద గానీ విడి కనెక్షన్ మీద గానీ వీలు కల్పిస్తున్నాయి. అయితే కాగితం ముందు పెట్టి గొడవకి దిగడం కన్నా, వాళ్ల భయాలు తీర్చడం త్వరగా పని చేస్తుంది. కరెంటు మా మీటరు నుంచే, కామన్ మీటరు నుంచి కాదు. కేబుల్ ఏ ట్రే మీదుగా వెళ్తుందో గీసిన బొమ్మ ఇది. ఆర్‌సీసీబీ ఉంది. పని చేసేది లైసెన్సున్న కాంట్రాక్టరు. ఈ నాలుగూ ఒక పేజీలో రాసి ఇవ్వండి.

ఒక్క విషయంలో అసోసియేషన్ మాటే సరైనది. కరెంటు పోయి జనరేటర్ నడుస్తున్నప్పుడు కార్లు ఛార్జి కాకూడదు. డీజిల్ మీద యూనిట్ 20 రూపాయలు దాటుతుంది, పది కార్లు ఒకేసారి లాగితే లిఫ్టు ఆగుతుంది. మీ బోర్డులో కాంటాక్టరు అనే ఆటోమేటిక్ స్విచ్ ఒకటి పెట్టిస్తే జనరేటర్ కరెంటు వచ్చినప్పుడు పాయింట్ దానంతటదే ఆగుతుంది.

మాకు గృహజ్యోతి ఉచిత కరెంటు వస్తోంది. కారు ఛార్జి చేస్తే పోతుందా?

ఆ నెల పోతుంది. నెలకు 1,000 కిలోమీటర్లకు 160 యూనిట్లు. ఇంటి వాడకం 120 ఉందనుకుంటే మొత్తం 280 అవుతుంది. 200 దాటితే పైబడినదానికి మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అంటే ఉచితంగా వచ్చిన 120 యూనిట్ల డబ్బు కూడా కారు ఖాతాలో పడుతుంది. అందుకే పాయింట్‌ని ఇంటి మీటరుకి కలపకుండా బెస్కామ్ దగ్గర ఎలక్ట్రిక్ వాహనాల కేటగిరీలో విడి కనెక్షన్ తీసుకోవడం మేలు.

అద్దె ఇల్లు, స్లాట్ కూడా సరిగా లేదు. అయినా ఎలక్ట్రిక్ తీసుకోవచ్చా?

మారతహళ్లి, మున్నేకొలాల, బీటీఎం లాంటి చోట్ల రోడ్డు మీదే కారు ఆపుకునేవాళ్లకి మా సలహా: ఇప్పుడు వద్దు. ఆఫీసు పార్కింగ్‌లో ఛార్జర్ ఉండి, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్తుంటే తప్ప. వారానికోసారి బయట గంటసేపు కూర్చోవడం మొదటి రెండు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత విసుగొస్తుంది. ఇలాంటివాళ్లకి స్ట్రాంగ్ హైబ్రిడ్ సరిగ్గా సరిపోతుంది.

స్లాట్ ఉండి ఇల్లు మాత్రం అద్దెదైతే, ఓనరు దగ్గర మెయిల్‌లోనైనా సరే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కేబుల్‌ని గోడలో దించకుండా పైపులో పైనుంచి వేయించండి, ఇల్లు మారినప్పుడు మొత్తం విప్పుకుని పోవచ్చు.

బెంగళూరు నుంచి హైదరాబాద్ ఒక్క రోజులో వెళ్లగలమా?

వెళ్లొచ్చు, రెండు గంటలు అదనంగా పెట్టుకుంటే. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుతో, 90 నుంచి 100 వేగంలో, 100 కిలోమీటర్లకు 16.5 యూనిట్ల చొప్పున చూద్దాం.

ఇంట్లో 100 శాతం నింపుకుని బయల్దేరితే చిక్కబళ్లాపురం, పెనుకొండ దాటి అనంతపురం 215 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి 20 శాతం మిగులుతుంది. 80 దాకా ఎక్కించడానికి 60 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 40, 45 నిమిషాలు, టిఫిన్ అయిపోతుంది. అనంతపురం నుంచి కర్నూలు 150 లోపే, 26 శాతంతో చేరతారు. మళ్లీ 80. ఇప్పుడు హైదరాబాద్ 215. 80 శాతంతో ఇంత దూరం పోతే దాదాపు సున్నాతో చేరాలి. చాలామంది కర్నూలులోనే 100 దాకా కూర్చుంటారు. అది పొరపాటు. 80 దాటాక బ్యాటరీ కరెంటుని నెమ్మదిగా తీసుకుంటుంది, ఆఖరి 20 శాతానికి మొదటి 50 శాతానికి పట్టినంత సమయం పడుతుంది. 80 దగ్గరే తీసేసి జడ్చర్లలో పావుగంట ఆగడం నయం.

30 యూనిట్ల కారుతో ఇదే దారికి నాలుగైదు సార్లు ఆగాలి. సిటీకి అది చక్కటి కారు, హైదరాబాద్‌కి మాత్రం బస్సో రైలో చూసుకోండి.

అసలు ఇబ్బంది సంక్రాంతికీ దసరాకీ. అందరూ ఒకే రోజు బయల్దేరతారు, రెండు గన్నులున్న స్టేషన్‌లో ముందు ముగ్గురుంటే రెండు గంటలు అక్కడే. ఆ రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే బయల్దేరడం, ఛార్జర్ల దగ్గర 70కే తీసేసి దారివ్వడం, ప్రతి స్టాపుకీ ముందు 30 కిలోమీటర్ల దూరంలో ఇంకోటి చూసి పెట్టుకోవడం మూడూ చేయాలి. ఒక్కో ఛార్జర్ కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. రోడ్డు మీద సిగ్నల్ లేని చోట ఓటీపీ కోసం తిప్పలు పడకుండా ఇంట్లోనే అన్నీ ఇన్‌స్టాల్ చేసి, రెండు మూడు వందలు వేసి ఉంచండి.

తిరుమలకి?

తిరుపతి 250 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు తేలిక, వచ్చేటప్పుడే ఆలోచించాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, తిరుపతి 160. మనుషులతో కలిపి 1,900 కిలోల కారుని 740 మీటర్లు పైకి లాగడానికే 4 యూనిట్ల పైన ఖర్చవుతుంది. అంటే తిరుగు ప్రయాణంలో దాదాపు 28 కిలోమీటర్ల రేంజి ఎత్తుకే పోతుంది. పలమనేరు ఘాట్ ఎక్కుతుంటే శాతం గబగబా తగ్గడం చూసి కంగారు పడకండి, పైకి వచ్చాక స్థిరపడుతుంది. చిత్తూరు దాటకముందే నింపుకోండి.

కొండ మీదకి ఘాట్ రోడ్డులో 6, 7 యూనిట్లు. దిగేటప్పుడు ఒకటిన్నర, రెండు వెనక్కి వస్తాయి. కొండ మీద 100 శాతం నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీలో చోటు ఉండదు కాబట్టి మోటారు బ్రేకింగ్ పని చేయదు, మొత్తం భారం డిస్కుల మీద పడి వేడెక్కుతాయి.

హైబ్రిడ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటేనా?

కాదు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజన్‌కి చెయ్యి సాయం చేస్తుందంతే, కారు ఒక్క అడుగు కూడా కరెంటు మీద కదలదు. లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు కలిసొస్తే అదే ఎక్కువ. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజన్ ఆగిపోయి మోటారు ఒక్కటే నడిపిస్తుంది. గ్రాండ్ విటారా, హైరైడర్‌లో ఆ బ్యాటరీ యూనిట్ కన్నా తక్కువ, 0.76. బయట ప్లగ్ పెట్టే పని లేదు. సిటీ ట్రాఫిక్‌లో సగం సమయం ఇంజన్ ఆగే ఉంటుంది. అదే కారుని హైవే మీద 110లో తోలితే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. నెలకోసారి కర్నూలు, కడప తిరగడమే ఎక్కువ అయితే హైబ్రిడ్‌కి అదనంగా పెట్టిన డబ్బు రాదు.

డిక్కీ చూసుకోండి. గ్రాండ్ విటారా మైల్డ్‌లో 373 లీటర్లు, స్ట్రాంగ్‌లో 265. బ్యాటరీ అక్కడ కూర్చుంటుంది. ఊరి నుంచి బియ్యం మూట, పచ్చడి జాడీలు తెచ్చుకునేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. ఈ బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. వెనక సీటు దగ్గరుండే ఆ రంధ్రానికి బ్యాగు, దుప్పటి అడ్డం పెట్టినా, లోపలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా బ్యాటరీ వేడెక్కి, ముందు మైలేజీ పడిపోతుంది, తర్వాత హెచ్చరిక లైటు వస్తుంది. ప్రతి సర్వీసులో ఆ ఫిల్టరు తీసి చూపించమనండి.

బ్యాటరీ ఎనిమిదేళ్లకే పోతుందా?

ఎనిమిదేళ్లన్నది వారంటీ గడువు, బ్యాటరీ ఆయుష్షు కాదు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు మామూలు వారంటీ. కొన్ని కంపెనీలు మొదటి యజమానికి జీవితకాలం ఇస్తున్నాయి, రెండో యజమాని చేతికి వెళ్లగానే అది మామూలుగా ఇన్నేళ్లు అన్న గడువుకి దిగుతుంది. చాలా వారంటీల్లో సామర్థ్యం 70 శాతానికి పడిపోతేనే మారుస్తారు, 75 ఉంటే మార్చరు. మార్చాల్సి వస్తే లక్షల్లోనే ఖర్చు. కారు ధరలో మూడో వంతు దాకా బ్యాటరీదే.

బెంగళూరు వాతావరణం బ్యాటరీకి బాగా సరిపోతుంది. ఎక్కువ ఎండలో నిలిపి ఉంచడం, రోజూ ఫాస్ట్ ఛార్జర్ మీదే నింపడం, నిండా నింపి వారాల తరబడి వదిలేయడం, ఇవి తగ్గించండి. మీ కారులోది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే వారానికోసారి 100 దాకా నింపాలి. దాని వోల్టేజీ సగం దగ్గరా, పావు దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైదాకా నింపితే తప్ప కంప్యూటరుకి ఎంత మిగిలిందో సరిగా అంచనా రాదు. 18 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి 9కి పడిపోయే కార్ల కథ చాలాసార్లు ఇదే. ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకమైతే రోజువారీ 80 దగ్గర ఆపడం మంచిది.

బ్యాటరీ అద్దెకి తీసుకుంటే చవకే కదా?

కొనేటప్పుడు చవక. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ ఈ పద్ధతిలో 9 లక్షల 99 వేలకి వచ్చింది, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. దాని మీద ఇంటి కరెంటు రూపాయి పది కలిపితే 4 రూపాయల 60 పైసలు. హైబ్రిడ్ పెట్రోలు ఖర్చు 5 రూపాయల 15 అని పైన చూశాం. ఎక్కువ తిరిగేవాళ్లే ఎలక్ట్రిక్ కొని లాభపడతారు, ఈ పద్ధతిలో ఎక్కువ తిరిగితే ఎక్కువ కట్టాలి. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాల్సిందే అన్న షరతు ఉందేమో ఒప్పందంలో చూడండి.

వానకి బేస్‌మెంట్ మునిగితే?

2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు మునిగాక ఈ భయం న్యాయమైనదే. బ్యాటరీలకు ఉండే ఐపీ67 రక్షణ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు దాటడానికి అది సరిపోతుంది. రెండు రోజులు బేస్‌మెంట్ నీళ్లలో నానితే కాదు.

మునిగిన కారుని స్టార్ట్ చేయకండి, ఛార్జర్ పెట్టకండి. ముందు బోర్డులో మెయిన్ ఆపండి, ఆ తర్వాతే నీళ్లలోకి వెళ్లండి. బీమా కంపెనీకి ఫోటోలు పంపి, నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ బండి పిలవండి. చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాక్కెళ్తే మోటారు జనరేటరులా మారి కరెంటు పుట్టిస్తుంది. బీమాలో బ్యాటరీ రక్షణ, ఛార్జర్ కవర్ అనే యాడాన్లు విడిగా ఉంటాయి, జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) ఒక్కటే చాలదు. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్‌కి 15 శాతం, హైబ్రిడ్‌కి ఏడున్నర శాతం తగ్గింపు 2022 జూన్ నుంచి ఉంది. అయినా బ్యాటరీ ఖరీదు వల్ల మొత్తం బీమా పెట్రోలు కారుకన్నా ఎక్కువే రావచ్చు.

సర్వీసు ఖర్చు ఉండదంటారు, నిజమా?

ఇంజన్ ఆయిలు, క్లచ్, బెల్టులు లేవు, అది నిజం. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి, కూలెంట్, క్యాబిన్ ఫిల్టరు ఉంటాయి. టైర్లు మాత్రం పెట్రోలు కారుకన్నా త్వరగా అరుగుతాయి, బరువెక్కువ, ఊపెక్కువ. బ్రేకు తక్కువ వాడటం వల్ల డిస్కులు తుప్పు పడతాయి. వారంలో ఒకసారి ఖాళీ రోడ్డు చూసి గట్టిగా బ్రేకు వేయండి.

ఎలక్ట్రిక్ కార్లు రోడ్డు మీద నిలిచిపోవడానికి పెద్ద బ్యాటరీకన్నా మామూలు 12 వోల్టుల బ్యాటరీయే ఎక్కువసార్లు కారణం. లాకులు, స్క్రీను, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు అన్నీ దాని మీదే. పెద్దది 80 శాతం నిండి ఉన్నా చిన్నది చచ్చిపోతే కారు లేవదు. మూడు వారాలు ఊరికి వెళ్తుంటే డ్యాష్‌క్యామ్ వైరు పీకేయండి. మూడు, నాలుగేళ్లకి దాన్ని ముందే మార్చేయండి.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేముందు బ్యాటరీ ఎలా పరీక్షించాలి?

సర్వీస్ సెంటర్లో బ్యాటరీ ఆరోగ్య రిపోర్టు తీయించండి. దానితో ఆగకుండా మీరే ఒక రాత్రి కొలవండి. 30 యూనిట్ల కారుని 20 శాతం దగ్గర ఛార్జింగ్‌కి పెట్టి, మీటరు రీడింగ్ ఫోటో తీసి, 100 అయ్యాక మళ్లీ తీయండి. కొత్త బ్యాటరీలోకి 24 యూనిట్లు వెళ్లాలి, వృథా కలిపి మీటరు మీద 27 దాకా తిరగాలి. 22 మాత్రమే తిరిగిందంటే సామర్థ్యం 80 శాతం చుట్టూ ఉంది. ఆ సమయంలో ఆ మీటరు మీద ఇంకేమీ నడవకూడదు. వారంటీ మీ పేరు మీదకి మారినట్టు కంపెనీ నుంచి కాగితం చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

బొగ్గు కరెంటుతో నడిపితే కాలుష్యం తగ్గినట్టెలా?

న్యాయమైన ప్రశ్న. దేశం సగటున ఒక యూనిట్‌కి సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్. 100 కిలోమీటర్లకు 16 యూనిట్లంటే కిలోమీటరుకు 115 గ్రాములు. పదిన్నర మైలేజీ ఇచ్చే పెట్రోలు కారుకి 220 గ్రాములు. 20 ఇచ్చే హైబ్రిడ్‌కీ అదే 115. అంటే సిటీలో ఈరోజుకి ఎలక్ట్రిక్, హైబ్రిడ్ సమానం. ఆఫీసులో పగటిపూట, పావగడ లాంటి చోట్ల సోలార్ కరెంటు దండిగా ఉన్న వేళ ఛార్జి చేసుకుంటే ఎలక్ట్రిక్ ముందుకెళ్తుంది. మీ వీధిలో పిల్లలు పీల్చే పొగ మాత్రం ఈరోజు నుంచే తగ్గుతుంది.

రెండేళ్లలో హైదరాబాద్‌కి మారిపోతే?

ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి వాడితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ముందు బెంగళూరు ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, లోన్ ఉంటే బ్యాంకు నుంచి లెటరు, తర్వాత అక్కడ ఫారం 27. పెట్రోలు, హైబ్రిడ్ కారైతే అక్కడ పన్ను కట్టి, ఇక్కడ కట్టిన 17 శాతంలో మిగిలిన ఏళ్ల వాటా వెనక్కి అడగాలి. ఆ డబ్బు చేతికి రావడానికి తిరగాల్సి ఉంటుంది, రసీదులన్నీ దాచుకోండి. మినహాయింపుతో కొన్న ఎలక్ట్రిక్ కారుకి ఇక్కడ కట్టింది లేదు కాబట్టి వెనక్కి వచ్చేదీ లేదు. తెలంగాణ 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఆ రాష్ట్రంలో కొని రిజిస్టర్ చేసిన ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. ఏడాదిలోపే మారిపోతామని ఖాయంగా ఉంటే, ఇక్కడ తొందరపడి కొనకుండా అక్కడికి వెళ్లాకే కొనండి. ఛార్జింగ్ వైరు ఖర్చు కూడా ఒక్కసారితో పోతుంది.